చవుక కారు కొనదగునా?



తక్కువ ధరకు వచ్చు కారును కొనదగునా, కొనరాదా యను ప్రశ్నకు హైదరాబాదులో కాపురముండు గృహస్థుడు చెప్పుకొను సమాధానము వేఱు, తిరువూరు గృహస్థుడు చెప్పుకొనవలసిన సమాధానము వేఱు. నగరవాసికి బండి మొరాయించినచో గడప దాటకమునుపే మఱియొక వాహనము దొరకును. కంపెనీవారి వర్క్‌షాపు ఏ రెండు మూడు వీధుల ఆవలనో యుండును. ఒకటి మూతపడినను మఱియొకటి తెఱచియుండును. ఎన్టీఆర్ జిల్లాకు ఉత్తరపుటంచున, తెలంగాణ సరిహద్దు నానుకొని యున్న మా తిరువూరు నుండి బెజవాడ చేరవలెనన్న మైలవరము మీదుగా ఇంచుమించు డెబ్బది కిలోమీటర్ల దారి గలదు. నడిరేయి ఇంట పెద్దవారికి గుండెనొప్పి వచ్చినను, కాన్పు కష్టమైనను ఆ దారినే పోవలెను. ఛత్తీస్‌గఢ్ వైపునుండి దిగివచ్చు లారీలును, ఇబ్రహీంపట్నము చేరువకు వచ్చుసరికి బూడిదలారీలును తోడగును. కనుక మాకు కారు విలాసవస్తువు కాదు. అట్లని నిత్యావసరమును కాదు. ఏడాదికి ఏ కొన్నిమార్లో ప్రాణావసరమై, తక్కిన దినములలో మామిడితోటకును, పెండ్లిండ్లకును, నెమలి వేణుగోపాలస్వామి దర్శనమునకును అక్కఱకు వచ్చు నొక సదుపాయము. అట్టిదానికి పది లక్షలు పోయుటకు మనసొప్పదు. మనసొప్పని ఆ వస్తువే నాలుగైదు లక్షలకు దొరకునని పత్రికలో ప్రకటన కనబడినప్పుడు, కాపు గాని, బడిపంతులు గాని, మందులకొట్టు పెట్టుకొన్న వర్తకుడు గాని, ఎంతటి లెక్కగలవాడైనను, ఆ పూటకు లెక్క మఱచుట సహజము.

మా ఊర నొక ఇంటిముందు కొత్తబండి దిగినచో ఇరుగుపొరుగువారు అడుగు ప్రశ్నలు రెండే: ఎంత పడింది, మైలేజీ ఎంతిస్తుంది. ఈ రెంటికిని సమాధానములు కంపెనీవారి కరపత్రములోనే ముద్రితమై యుండును గనుక వీనిని అడుగుట వలన కొత్తగా తెలియునది స్వల్పము. అడుగవలసిన ప్రశ్నను అడుగువారు అరుదు. మన దేశపు చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్ల వఱకు చెల్లును. ఆ తరువాత బండి యోగ్యతను పరీక్షింపించుకొని ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవచ్చును. అనగా ఈనాడు మనము తాళము చేతబట్టుకొను బండి ఎంత తక్కువగా చూచుకొన్నను పదునైదేండ్లు మన వాకిట నుండగలది. ఆ పదునైదేండ్లును దానికి అద్దము పగిలిన అద్దమును, క్లచ్చి అరిగిన క్లచ్చిని ఇచ్చు నాథుడు ఉండునా, ఉండడా? చవుకబండి విషయమున నా మట్టుకు నాకు విచారణీయమైన అంశము ఇదియే. తక్కినవన్నియు దీని తరువాతనే.

ఈ విచారణకు డాట్సన్ కథను మించిన దృష్టాంతము మన కాలమున లేదు. జపానుదేశపు నిస్సాన్ సంస్థ ఒకప్పుడు పరదేశములలో పెక్కుచోట్ల డాట్సన్ పేరుతోనే బండ్లమ్మినది. 1980లలో ఆ పేరును ఉపసంహరించి తన పేరునే నిలుపుకొనినది. ముప్పది యేండ్ల పిమ్మట, భారతదేశము, ఇండోనేషియా, రష్యా, దక్షిణాఫ్రికా వంటి దేశములలో మొదటిసారి కారు కొనువారికొఱకని ఆ పాతపేరునకు మరల ప్రాణముపోసినది. 2013 జూలైలో ఢిల్లీనగరమున డాట్సన్ గో అను బండిని లోకమునకు చూపి, 2014 మార్చిలో అమ్మకమునకు పెట్టినది. మద్రాసు చెంతనున్న ఒరగడము కర్మాగారమున తయారైన ఆ బండి తొలిధర మూడు లక్షల పండ్రెండు వేల చిల్లర. రెండేండ్లకు రెడీగో అను మఱియొక చిన్నబండి రెండు లక్షల ముప్పది యెనిమిది వేలకు పైచిలుకుగా వచ్చినది. ఎత్తుగా నుండి తోటదారులలో క్రింద తగులక పోవుటకు వీలైన బండి; మా ప్రాంతమునకు సరిపోవునదే. గో వచ్చి ఎనిమిదేండ్లు గడచినవి. 2022 ఏప్రిల్‌లో ఒరగడములో రెడీగో తయారీ ఆగినదనియు, దానితో డాట్సన్ కథ ముగిసినదనియు నిస్సాన్ వారు ప్రకటించిరి. కొన్నవారికి సర్వీసును, విడిభాగములను, వారంటీని తాము కొనసాగింతుమని కూడ చెప్పిరి. చెప్పిన మాటను నేను శంకింపను. కాని మాట నిలుపుట నగరమందలి వర్క్‌షాపులో నొక తీరు, అచ్చటికి డెబ్బది కిలోమీటర్ల దూరమున నున్నవానికి మఱియొక తీరు.

ఇట్టిది మనకు కొత్త గాదు. మద్రాసు శివారున వండలూరు దాపున స్టాండర్డ్ కంపెనీవారు చేసిన హెరాల్డు బండ్లను ముచ్చటపడి కొన్న డాక్టర్లును, ప్లీడర్లును మన కోస్తాజిల్లాలలో ఒకప్పు డుండిరి. 1980ల చివర ఆ కర్మాగారము మూతపడినపుడు వారి వారసులకు మిగిలినది షెడ్డులోని అలంకారమే. అది యటుండనిండు. 1998వ సంవత్సరమును తలచుకొందము. ఆ యొక్క యేడే, ఇంచుమించు నాలుగు మాసముల వ్యవధిలో, మూడు చిన్నకార్లు మన బజారునకు దిగినవి. కొరియాకు చెందిన హ్యుందాయ్ వారి శాంత్రో, అదే కొరియాకు చెందిన దేవూ వారి మాటిజ్, మన టాటావారి ఇండికా. వీనిలో సొగసైనది మాటిజ్ అని నాటివారు చాలమంది అనుకొనిరి. నేటికిని నా యభిప్రాయమదియే. హ్యుందాయ్ పేరును పలుకుట యెట్లో కూడ అప్పుడు మనవారికి తెలియదు. దేవూ పేరు సీయెలో బండి మూలమున కొంత తెలిసినది. పేరును బట్టి తీర్పుచెప్పవలసియుండిన, ఆనాడు దేవూనే మేలనియుందురు. రెండేండ్లలో కొరియాలో దేవూ సంస్థ అప్పులపాలై కూలినది. ఇచ్చట సూరజ్‌పూర్ కర్మాగారము క్రమక్రమముగా నిశ్శబ్దమైనది. అటుపిమ్మట దేవూ కార్లను చేజిక్కించుకొన్న అమెరికా జనరల్ మోటార్స్ వారు, ఆ మాటిజ్ రెండవతరమునే షెవ్రొలే స్పార్క్ అను పేరుతో 2007లో మరల మనకమ్మిరి. 2017లో ఆ జనరల్ మోటార్స్ వారును మనదేశమున అమ్మకములు చాలించిరి. ఒకే వంశపు బండి ఇరువది యేండ్ల లోపల ఇద్దఱు యజమానుల చేత రెండుమార్లు అనాథ యగుట విచిత్రము గాదా! రెంటిని కొనిన దురదృష్టవంతుడు కూడ ఎక్కడనో యుండియే యుండును.

హ్యుందాయ్ మాత్రము నిలిచినది. అది పేరువలన నిలువలేదు. మద్రాసు చెంత ఇరుంగాట్టుకోట్టైలో ఆ సంస్థ ఇంజను మొదలుకొని చాలభాగములను ఇచ్చటనే చేయునట్టి కర్మాగారము కట్టుకొని, అచ్చటినుండి పరదేశములకు బండ్లు పంపుచు, ఒక నమూనా మూతపడినను మఱియొకటి నడుచునట్లు వ్యాపారమును అల్లుకొనినది. శాంత్రో 2014లో ఆగినది, 2018లో మరల వచ్చినది, 2022లో మరల ఆగినది. ఐనను శాంత్రో కలవాడు అనాథ కాలేదు. బండి పేరు పోవుటకును, చేసినవాడు పోవుటకును గల భేదమును కొనువాడు ముందుగా గ్రహింపవలెను. మొదటిది సహింపదగినది, రెండవది తలనొప్పి.

ఈ భేదము సుస్పష్టముగా కనబడునది మారుతి 800 చరిత్రలో. 1983 డిసెంబరు 14వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధి తొలిబండి తాళములను కొనుగోలుదారుని చేతికిచ్చినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. ఆనాటికి అంబాసిడరుకును, ప్రీమియర్ పద్మినికిని అలవాటుపడిన మన మెకానిక్కులు ఆ బండిని చూచి నవ్విరట; అగ్గిపెట్టె అనిరట. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను. నవ్వినవారే పదేండ్లలో ఆ ఇంజనును కన్నులు మూసుకొని విప్పి బిగింప నేర్చిరి. 2014 జనవరిలో ఆ బండి తయారీ ఆగినది. ఆగిననేమి? అదే కుటుంబమునకు చెందిన 796 సీసీల ఇంజను ఆల్టోలో 2023 వఱకు నడచినది. కావున ముప్పది యేండ్లనాటి మారుతికి కూడ నేటికిని సామాను దొరకును.

దొరకు చోటు బెజవాడ. జవహర్ ఆటోనగరమును చూడనివారు మన జిల్లాలో తక్కువ. చూచినను దాని మహిమను గుర్తించినవారు ఇంకను తక్కువ. 1960లలో పట్టణమధ్యమునుండి లారీషెడ్లను తరలించుటకై వెలసిన ఆ పేటలో నేడు దొరకని మరయు, అతుకని ఇనుమును లేవు. లేత్ మిషనుమీద బుష్ కోయువాడొకడు, రేడియేటరు మాటువేయువాడొకడు, టింకరింగు చేయువాడొకడు, సీట్లకు తొడుగులు కుట్టువాడొకడు, పాతబండ్లను విప్పి అంగాంగముగా అమ్ము స్క్రాపుకొట్లవారు వీథివీథికి. కంపెనీ ముద్రతో వచ్చు ఒరిజినలు, అదే తీరున మఱియొకరు చేసిన లోకలు, పాతబండినుండి తీసిన సెకండ్సు, ఇట్లు ఒకే భాగము మూడు ధరలకు అచ్చట లభించును. ఏ బండి మన రహదారులపై వేలసంఖ్యలో తిరుగునో ఆ బండికి ఈ మూడును లభించును. ఏ బండి పదులసంఖ్యలో మాత్రమే తిరుగునో దానికి ఒరిజినలొక్కటే గతి, అదియును ఆర్డరుమీద. లోకలు చేయువానికి గిరాకి లేదు, సెకండ్సు అమ్మువానికి పాతబండి రాదు. చవుకబండికి ఇట్లు పేదఱికము రెట్టింపగును: చవుకగా కొన్నవాడే ఖరీదైన భాగమును కొనవలసివచ్చును. నా దృష్టిలో చవుకకారునకు నిజమైన హామీదారు కంపెనీ గాదు, ఆటోనగరము. కంపెనీ వెళ్లిపోయినను ఆటోనగరము ఆదుకొన్న బండ్లు గలవు. ఆటోనగరమునకు పరిచయము లేని బండిని కంపెనీ యొంటరిగా ఆదుకొనజాలదు.

ఇచ్చట డాట్సన్ విషయమున నొక సూక్ష్మము గలదు, న్యాయముకొఱకు చెప్పవలెను. రెడీగో బండియు, రెనో వారి క్విడ్ బండియు ఒకే తల్లి బిడ్డల వంటివి; ఒకే చట్రము, ఒకే జాతి 799 సీసీల ఇంజను, పెద్దరకములో ఒకే 999 సీసీల ఇంజను. రెండును ఒరగడములోనే పుట్టినవి. 2025లో ఆ కర్మాగారపు వాటాను నిస్సాన్ వారు రెనోవారికే అప్పగించిరి. కాబట్టి రెడీగో ఇంజనుకు వలయు సామాను క్విడ్ ఉన్నంతకాలము ఏదో యొక రీతిని దొరకును; దొరకనిది పైతొడుగు. బంపరు, హెడ్‌లైటు, తలుపు, డోరు అద్దము మొదలగునవి ఆ బండికే ప్రత్యేకములు. మా సందులలో ముందుగా దెబ్బతినునవి కూడ అవియే యగుట దౌర్భాగ్యము.

టాటావారి నానో మాట చెప్పక ఈ ప్రసంగము పూర్తికాదు. ఐనను దాని పాఠము వేఱు. రతన్ టాటా వర్షములో నొక కుటుంబమంతయు నొక్క స్కూటరుమీద పోవుట చూచి చలించి, లక్షరూపాయల కారును సంకల్పించినట్లు ఆయనయే చెప్పుకొనెను. 2008 జనవరిలో దానిని ఢిల్లీలో ప్రదర్శించిరి; సింగూరు ఉద్యమము వలన దాని కర్మాగారము బెంగాలు విడువవలసివచ్చినప్పుడు, దానిని తమ రాష్ట్రమునకు రమ్మని పిలిచినవారిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును ఒకటి; చివరకు గుజరాతులోని సానంద్ దానిని దక్కించుకొనెను. 624 సీసీల రెండు సిలిండర్ల ఇంజను వెనుకభాగమున. తొలిరకమునకు తుడుపుకఱ్ఱ ఒక్కటే, ప్రక్క అద్దము ఒక్కటే, చక్రమునకు బిగించు నట్లు మూడే. పెట్రోలు పోయుటకు ముందుమూత ఎత్తవలెను. సామానుగది వెలుపలినుండి తెఱచుకొనదు. ఇంజనీరు కౌశలముగా చూచినచో అబ్బురమే. కాని మనవాడు కారు కొనుట ప్రయాణమునకే గాక పరువునకు కూడ. వియ్యాలవారి వాకిట దిగినప్పుడు ఇది దేశములో అందఱికంటె చవుకైన బండి యని లోకము గుర్తించుట అతనికి ఇష్టము గాదు. ఆ చవుక ముద్ర బండిని దెబ్బతీసినదని రతన్ టాటాయే తరువాత ఒప్పుకొనెను. 2018 జూన్ మాసములో సానందులో తయారైన నానోలు ఒక్కటంటే ఒక్కటి. టాటావారు పోలేదు గనుక నానో కలవాడు పూర్తిగా అనాథ కాలేదు. కాని అమ్మబోయినప్పుడు కొనువాడు లేడు.

ఇప్పుడు ప్రాణవిషయము. పైన చెప్పిన సామాను చిక్కులన్నియు ధనవిషయములు. ధనము పోయిన తెచ్చుకొనవచ్చును. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను స్వతంత్రసంస్థ మన చిన్నకార్లను కొని, గంటకు 64 కిలోమీటర్ల వేగముతో, ముందుభాగములో నూటికి నలువది పాళ్లు తగులునట్లు, అడ్డుగోడకు కొట్టించి చూచినది. మారుతి ఆల్టో, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డు ఫిగో, ఎయిర్‌బ్యాగు లేని ఫోక్స్‌వాగన్ పోలో, అన్నింటికిని సున్న నక్షత్రములు. ఆ యేడే నవంబరులో డాట్సన్ గోకును సున్న. అంతటితో ఆగక ఆ సంస్థ యధ్యక్షుడు మాక్స్ మోస్లీ, నిస్సాన్ అధిపతి కార్లోస్ గోన్‌కు లేఖ వ్రాసి, బండిగూడే కూలిపోవుచున్నది, దానికి ఎయిర్‌బ్యాగు పెట్టినను ప్రయోజనముండదు, అమ్మకము ఆపుడని కోరెను. మా బండి భారతదేశపు నిబంధనలకు లోబడియే యున్నదని నిస్సాన్ వారి ప్రత్యుత్తరము. అది అబద్ధము గాదు. ఎందుకన ఆనాటికి మన నిబంధనలలో ఇట్టి గుద్దుడు పరీక్షయే లేదు! 2017 అక్టోబరునుండి కొత్తనమూనాలకును, రెండేండ్ల తరువాత అన్ని కార్లకును అట్టి పరీక్ష విధియైనది. 2019లో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి, అటుపిమ్మట ప్రక్కసీటుకును తప్పనిసరి. 2023 అక్టోబరు నుండి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేర నక్షత్రములిచ్చు పద్ధతిని మొదలిడినది; కాని దానికి బండిని పంపుట కంపెనీ ఇష్టము.

శ్రోతలు ఒక సంగతిని గమనింపవలెనని కోరెదను. ఎయిర్‌బ్యాగుల లెక్క వేఱు, గూటి బలము వేఱు. 2016లో క్విడ్ బండిని ఎయిర్‌బ్యాగు లేక పరీక్షించిరి, ఎయిర్‌బ్యాగుతోను పరీక్షించిరి. మొదటిమాఱు రెంటికిని సున్నయే వచ్చినది. చెప్పవచ్చినదేమన, ముందుగూడు ముడుచుకొని స్టీరింగు ఛాతీమీదికి వచ్చినప్పుడు సంచి యెంత ఊదిన నేమి? ఇటీవల ఆల్టో కె10కు ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చిరి, సంతోషమే. కాని 2023లో రెండు నక్షత్రములే పొందిన బండి, మరల పరీక్షింపనిదే, ఆరు సంచులతో ఎంత మెఱుగైనదో చెప్పలేము. చిన్నకారు చేయువాడు భద్రమైన కారు చేయలేడను వాదమును నేనంగీకరింపను; టాటా టియాగో 2020లో అదే సంస్థ పరీక్షలో నాలుగు నక్షత్రములు పొందినది. మా జాతీయరహదారి మీద, మైలవరము దాటిన తరువాత రాత్రివేళ, ఎదుటి లారీ హైబీము వేసికొని వచ్చుచుండగా నడుపుటకు నాకు నాలుగు నక్షత్రముల బండియే కావలెను. మైలేజీ రెండు కిలోమీటర్లు తగ్గినను సరే. ఊరిలోనే తిరుగువాడు, గాంపలగూడెమో విస్సన్నపేటయో దాటనివాడు వేఱుగా తలచినచో అతనితో వాదింపను.

లెక్కకు వత్తము. ఒకడు నాలుగు లక్షలకు బండి కొని ఐదేండ్లకు రెండు లక్షలకమ్మెననుకొందము. ఏడాదికి నలువదివేలు కరిగినవి. మఱియొకడు ఐదు లక్షలకు కొని, గిరాకిగల బండి గనుక, ఐదేండ్లకు మూడు లక్షల ఇరువది యైదు వేలకమ్మెననుకొందము. ఏడాదికి కరిగినది ముప్పదియైదు వేలు. ఎవడు చవుకగా కొనినట్లు? వాయిదాల వడ్డీ కొంత తారుమారు చేయునేమో గాని తలక్రిందులు చేయదు. ఈ రెండవధర యెంతయో తెలిసికొనుటకు గొప్ప పరిశోధన యక్కఱలేదు. బెజవాడలో పాతకార్లమ్ము ఏ కన్సల్టెన్సీకైనను పోయి, కొత్తబండి పేరు చెప్పి, "ఇదే మోడలు నాలుగేళ్ల బండి నా దగ్గరుంది, ఎంతకు తీసుకుంటారండీ?" అని యడిగి వారి ముఖము చూచిన చాలును. కొనువాని కండ్లు అబద్ధము చెప్పవు.

అంతకంటె దగ్గఱి న్యాయస్థానము మన మెకానిక్కు షెడ్డు. ఒక పరిచితుడు, బడిపంతులు, పేరుతెలియని యొక కొత్త కంపెనీ బండికి అడ్వాన్సు కట్టబోవుచు నన్ను తోడురమ్మనగా, ముందుగా ఊరి మెకానిక్కు నడిగి చూతమంటిని. అతడు చేతి గ్రీజు తుడుచుకొనుచు చెప్పినమాట నాకు నచ్చినది: "బండి మంచిదేనండి మాష్టారూ. సామాను దగ్గరే ఇబ్బంది. బెజవాడలో అడిగితే ఆర్డరు పెట్టాలంటారు. నెలరోజులు బండి మా షెడ్డులో ఉంచుతానంటే మాత్రం నాకేం అభ్యంతరం లేదండి." పంతులుగారు నవ్వి, "ఏంరా, నా బండి నీ షెడ్డుకు దిష్టిబొమ్మా?" అనిరి గాని అడ్వాన్సు మాత్రము కట్టలేదు. షోరూమువారిని కూడ అడుగుట కలదు. ఐతే ధర అడుగక, హెడ్‌లైటొకటి, ముందు బంపరొకటి, క్లచ్చి సెట్టొకటి నేడు మీ దగ్గఱ నున్నదా, ఉన్నచో ఎంత, లేనిచో ఎన్ని దినములు అని యడుగవలెను. కారు చూపించుటకు పరుగెత్తివచ్చిన కుఱ్ఱవాడు ఈ ప్రశ్నకు లోపలికిపోయి ఎంతసేపటికి తిరిగివచ్చునో, దానినిబట్టి సగము తెలియును.

కొత్త కంపెనీ బండిని ఎన్నడును కొనరాదని నా మాటకు తాత్పర్యము గాదు. అట్లనుకొనిన 1998లో హ్యుందాయ్‌ను ఎవరును కొనియుండరు. మన అనంతపురము వైపున పెనుకొండ దగ్గఱ కియా వారు కర్మాగారము కట్టి 2019లో బండ్లు విడుదల చేసినప్పుడు అదియును కొత్తపేరే. కాని రాయలసీమ నేలలో అంత పెట్టుబడిని పాతినవాడు రెండేండ్లలో మూట కట్టుకొని పోజాలడని సామాన్యుడు కూడ ఊహింపగలిగెను. అట్లని కర్మాగారముండుటయే పూచీ యనుటకు వీలులేదు. ఫోర్డువారికి మద్రాసులోను, సానందులోను కర్మాగారములుండగనే 2021లో తయారీ చాలించుటకు నిర్ణయించిరి. ఎందఱు కొనుచున్నారు, ఆ యొక్క బండి గాక ఇంక నేమేమి అమ్ముచున్నాడు, ప్రతి యేడును అమ్మకము పెరుగుచున్నదా తరుగుచున్నదా, ఈ మూడును కలిపి చూచుకొనవలెను. డాట్సన్ అమ్మకములు మూతకు ముందు రెండుమూడేండ్లనుండియే క్షీణించుచుండెను. 2020లోనే రష్యాలోను, ఇండోనేషియాలోను ఆ పేరును ఎత్తివేసిరి. చూచుకొనువానికి అది చాలినంత సూచన.

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్నకార్లపై జీఎస్టీ తగ్గి పదునెనిమిది శాతమైనది. నాలుగు మీటర్లలోపు పొడవును, 1200 సీసీలకు మించని పెట్రోలు ఇంజనును గల బండ్లకు ఈ మేలు వర్తించును. కొత్తబండి ధర దిగుటతో పాతబండి ధర కూడ కొంత దిగును గనుక, మా తిరువూరులో ఇప్పుడు కొందఱు పాత డాట్సనులను బేరమాడుచున్నట్లు వినుచున్నాను. వారికి నా సలహా యొక్కటి గలదు. గుద్దుడు పరీక్ష అన్ని కార్లకును విధి కాకమునుపు తయారైన గో బండిని, ఎంత చవుకగా వచ్చినను, పిల్లలను కూర్చుండబెట్టుకొని రహదారికి తీసికొనిపోవుటకు కొనవలదు. రెడీగోలో 999 సీసీల రకము దొరకి, ముందు రెండు ఎయిర్‌బ్యాగులును ఉండి, తలుపులకును బంపర్లకును టింకరింగు చేసిన గుర్తులు లేనిచో, ఊరిలో తిరుగుటకు కొనవచ్చును. బేరము కుదిరినపిమ్మట ఆర్సీలో పేరు మార్పించుకొనుట వాయిదా వేయకుడు. పాతకాగితములు వేఱొకరి పేరనుండగా ప్రమాదము జరిగినచో బీమా సొమ్ము చిక్కులపాలగును. అటుపై ఆటోనగరమునకు పోయి, వీలైనచో ఒక జత హెడ్‌లైట్లును, ఒక ముందుబంపరును సెకండ్సులో ముందే కొని ఇంటి అటకమీద పెట్టుకొనుడు.